మరిదిగారి మూడో బిడ్డా, కారాలో నమోదా? దత్తత తీసుకున్నవాళ్ళు, దత్తతకు వెళ్ళినవాళ్ళు చెప్పండి

గోదావరి_గట్టు (రాజమండ్రి)

అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే గానీ రాసింది లేదు. నాకు 36, మావారికి 41. పెళ్ళయి చాలా ఏళ్ళయింది. చికిత్సలన్నీ అయిపోయాయి, వాటి గురించి రాయను. దయచేసి డాక్టర్ల పేర్లు, నాటువైద్యాలు చెప్పకండి. బిడ్డను పెంచుకుందామని ఇద్దరం అనుకుని, దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా (CARA) పోర్టల్‌లో నమోదుకి కాగితాలు పోగేస్తున్నాం.

ఈలోగా మా అత్తయ్యగారు ఇంకో మాట తెచ్చారు. మరిదికి ఇద్దరు మగపిల్లలు. తోటికోడలికి ఇప్పుడు అయిదో నెల. "ఆ మూడో బిడ్డ మీదే అనుకోండి. ఎవరి బిడ్డో మనకెందుకు, మన రక్తం మనింట్లోనే ఉంటుంది" అంటున్నారు. మరిది సరే అన్నట్టే ఉన్నాడు. మావారు కూడా కొంచెం మెత్తబడ్డారు. "మూడేళ్ళు ఎదురుచూసే బదులు నాలుగు నెలల్లో బిడ్డ చేతికొస్తుంది కదా" అంటున్నారు.

నాకెందుకో మనసు ఒప్పుకోవడం లేదు. ఎందుకో చెప్పమంటే చెప్పలేకపోతున్నాను. ఇంట్లోవాళ్ళ బిడ్డను తీసుకున్నవాళ్ళు, బయటి బిడ్డను తెచ్చుకున్నవాళ్ళు, అలా పెరిగి పెద్దయినవాళ్ళు ఉంటే రాయండి.

మల్లెపందిరి (గుంటూరు)

అత్తగారు సరే అన్నారు, మరిది సరే అన్నాడు, మీవారు సరే అంటున్నారు. మోస్తున్న మనిషి ఏమంటోందో మీ పోస్టులో ఎక్కడా లేదండీ.

గోదావరి_గట్టు

అడగలేదు. ఆవిడ మొదట్నుంచీ మితభాషి. అత్తయ్యగారు మాట్లాడానన్నారు.

రిటైర్డ్_బెంచి_క్లర్క్ (ఒంగోలు)

నేను వకీలును కాను, కోర్టులో పనిచేసి రిటైరయ్యాను. తెలిసినంత చెబుతాను. కాగితం రాయించేటప్పుడు మాత్రం మంచి లాయరును పెట్టుకోండి.

మీ ముందున్న రెండు దారులకు రెండు చట్టాలు. హిందువులు ఇంట్లోవాళ్ళ బిడ్డను తీసుకోవడం ఎక్కువగా 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద జరుగుతుంది. కారా దారి 2015 బాలల న్యాయ చట్టం కిందిది.

1956 చట్టంలో బిడ్డ తల్లిదండ్రులిద్దరి ఇష్టం ఉండాలి. తండ్రి ఒక్కడే ఇచ్చేస్తానంటే చెల్లదు. బిడ్డను నిజంగా చేతుల మీదుగా ఇవ్వాలి, పుచ్చుకోవాలి. దత్తహోమం చేయించుకుంటే మీ తృప్తి, చేయకపోయినా దత్తత చెల్లుతుంది. అందుచేత కడుపులో ఉన్న బిడ్డ మీద ఇప్పుడు మీ ఇంట్లో ఎన్ని మాటలు ఇచ్చిపుచ్చుకున్నా చట్టానికి అవి లెక్కలోకి రావు. పుట్టాక, తల్లి మనసారా ఒప్పుకుంటే, అప్పుడు.

పత్రం రాసుకుని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాకపోయినా మానకండి. ఇచ్చినవాళ్ళు, పుచ్చుకున్నవాళ్ళు సంతకాలు పెట్టిన రిజిస్టరు పత్రం ఉంటే, దత్తత సక్రమంగానే జరిగిందని కోర్టు మొదటే అనుకుంటుంది. కాదన్నవాడే రుజువు చేసుకోవాలి. పత్రం లేకపోతే ఆ బరువంతా మీ బిడ్డ మీద పడుతుంది. నేను చూసిన దత్తత దావాల్లో సగం గొడవ ఇక్కడే.

సక్రమంగా జరిగిన దత్తతకు రద్దు లేదు. రేపు మీకూ మరిదికీ మాటామాటా వచ్చి "మా వాణ్ణి మాకిచ్చేయండి" అన్నా కుదరదు, "మీ వాణ్ణి మీరు తీసుకుపోండి" అని మీరన్నా కుదరదు. పెళ్ళి వరసలు మాత్రం పుట్టింటివి అలాగే ఉంటాయి. దత్తతకు ముందే వాడి పేరున ఆస్తి ఉంటే అదీ వాడిదే.

ఇంకోటి చాలామందికి తెలియదు. ఈ చట్టం కింద కొడుకును దత్తత తీసుకున్నాక మళ్ళీ ఇంకో కొడుకును తీసుకోలేరు, కూతురినైతే తీసుకోవచ్చు. ముందు కూతురిని తీసుకుంటే ఇదే లెక్క తిరగేసి.

ఓరుగల్లు_పోరడు (హనుమకొండ)

నన్ను మా పెద్దమ్మ సాదుకుంది. అమ్మకు నేను మూడోవాణ్ణి, పెద్దమ్మకు పిల్లలు లేరు. మా తాత ఒక మాట అన్నాడు, అయిపోయింది. రెండు గల్లీల అవతలే అమ్మానాన్నా అన్నలూ. నేను వాళ్ళను పిన్ని, బాబాయ్ అని పిలిచేవాణ్ణి.

పెద్దమ్మ నన్ను ఎట్లా చూసుకుందో చెప్పడం మొదలుపెడితే ఈ పేజీ చాలదు. ఆ విషయంలో నాకు లోటు లేదు. బాధ ఎక్కడంటే, నాకు తప్ప అందరికీ తెలుసు. కిరాణా కొట్టాయనకు తెలుసు, మా సారుకు తెలుసు. పదో తరగతిలో ఉండగా ఒక పెళ్ళిలో ఎవరో ముసలామె "అచ్చం మీ పెద్దన్న మొఖమే" అంది. నాకు అన్న ఎవరని అడిగితే అక్కడున్నవాళ్ళంతా ఒక్కసారి చుట్టూ చూశారు. అప్పుడు అర్థమైంది. పిన్ని ఇంటికి చాలా రోజులు పోలేదు. తర్వాత పోయినా ఏమని పిలవాలో తెలిసేది కాదు.

కాగితం సంగతి బెంచి క్లర్క్ గారు చెప్పినట్టే. మావాళ్ళు ఏదీ రాసుకోలేదు. బడిలో చేర్పించినప్పుడు ఒకరి పేరు, రేషన్ కార్డులో ఇంకొకరి పేరు. పాస్‌పోర్టు దగ్గర నానా తిప్పలు పడ్డాను. పెదనాన్న పోయాక ఆయన అన్న కొడుకులు ఇంటి మీదికి వచ్చారు, "వాడెవడు" అని. పెద్దమ్మ అప్పటికప్పుడు వీలునామా రాయించి నన్ను నిలబెట్టింది.

మొన్న మా అమ్మ (కన్నతల్లి) పోయింది. అన్నలకు పది రోజుల మైల, దత్తుకు పోయినవాడివి కాబట్టి నీకు మూడు రోజులే అన్నాడు అయ్యగారు. నాలుగో రోజు స్నానం చేసి ఇంటికి రమ్మన్నారు. పెద్దమ్మే నన్ను రానివ్వలేదు. "అక్కడే ఉండు, పదో రోజు దాకా రాకు" అని ఫోన్ పెట్టేసింది.

మీరు తీసుకున్నా సరే, బిడ్డకు ఊహ తెలిసినప్పటి నుంచీ చెప్పండి. ఒకే ఊళ్ళో ఉంటారు కాబట్టి మరీ ముఖ్యం.

సత్తెకాలపు_మనిషి (తెనాలి)

అందరూ చట్టాలు, బాధలు చెబుతున్నారు. నేను ఇష్టం లేని మాట చెబుతాను. అత్తగారు అన్నదాంట్లో తప్పేముంది? బయటినుంచి తెచ్చే బిడ్డ ఎవరి కడుపున పుట్టిందో, ఏ జబ్బులున్నాయో, రేపు పెళ్ళి చేయాల్సి వస్తే గోత్రం ఏమని చెబుతారు? కన్యాదానం ఎలా చేస్తారు? తెలిసిన ఇంటి బిడ్డయితే కనీసం ఎవరేమిటో తెలుస్తుంది.

తిరుచానూరు

పెద్దాయనా, కన్యాదానం మాట వచ్చింది కాబట్టి. మా ఊరి అమ్మవారు ఆకాశరాజుకు యాగం కోసం నేల దున్నుతుంటే తామరపువ్వులో దొరికిన బిడ్డ. పెంచి, పెళ్ళీడు వచ్చాక కన్యాదానం చేసింది ఆయనే. అటు శ్రీనివాసుడి తరఫున సంబంధం మాట్లాడటానికి వెళ్ళింది వకుళమాత, ఆవిడా కన్నతల్లి కాదు. వధూవరులిద్దరూ పెంపకంలో ఉన్నవాళ్ళే. ఆ కల్యాణాన్ని మనం రోజూ టికెట్టు కొనుక్కుని మరీ చూస్తున్నాం. గోత్రం గురించి అక్కడ రాని అభ్యంతరం రాజమండ్రిలో ఎందుకొస్తుంది?

దత్తత జరిగితే బిడ్డది పెంచుకున్నవాళ్ళ గోత్రమే. ఏ పురోహితుణ్ణయినా అడగండి.

మల్లెపందిరి

ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. మా పాప కారా ద్వారానే వచ్చింది.

పోర్టల్‌లో నమోదు చేసుకున్నాక మీ జిల్లాలోని గుర్తింపు పొందిన సంస్థ నుంచి సోషల్ వర్కరు వచ్చి ఇల్లు చూసి, మీ ఇద్దరితో విడివిడిగానూ కలిపీ మాట్లాడి నివేదిక రాస్తారు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళతోనూ మాట్లాడతారు, కాబట్టి మీ అత్తగారిని ముందే సిద్ధం చేయండి. నివేదిక మూడేళ్ళు చెల్లుతుంది. తర్వాత నమోదు తేదీని బట్టి సీనియారిటీ. వయసు లెక్క భార్యాభర్తలది కలిపి చూస్తారు. రెండేళ్ళ లోపు బిడ్డకు ఇద్దరి వయసూ కలిపి 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ళ బిడ్డకు 90. మీది 77, ఇబ్బంది లేదు.

మేము నాలుగేళ్ళ లోపు, ఎవరైనా సరే, ఏ రాష్ట్రమైనా సరే అని పెట్టాం. ఒక మధ్యాహ్నం ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఫోటో, బిడ్డ గురించిన నివేదిక, వైద్య నివేదిక చూపిస్తారు. 48 గంటల్లో ఆ బిడ్డను రిజర్వు చేసుకోవాలి. మాకు తెలిసిన పిల్లల డాక్టరుగారికి ఆ వైద్య నివేదిక చూపించాం. పెద్దాయన అడిగిన "ఏ జబ్బులున్నాయో"కి ఇదే జవాబు. నా కడుపున పుట్టే బిడ్డకు ఎవరూ ముందుగా అలాంటి రిపోర్టు ఇవ్వరు కదండీ.

మా పాప ఒడిశా నుంచి వచ్చింది. మూడేళ్ళ పిల్ల, తెలుగు ఒక్క ముక్క రాదు. మాకు ఒడియా రాదు. "పాణి" అంటే నీళ్ళని మొదట అర్థమైంది. అన్నం పెడితే నీళ్ళు పోయమని గిన్నె తోసేది. మావారు పనిచేసే చోట ఒక ఒడియా కుర్రాడు ఉంటే అడిగాం. పఖాళ అంటారట, మన చద్దన్నం లాంటిదే. ఆ రోజు నుంచి రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచేవాళ్ళం. మా అమ్మ "మా చిన్నప్పుడు మేమూ ఇదే తిన్నాం, దీనికి ఇంత కంగారా" అంది.

అంతా అమృతమేం కాదు. బిస్కెట్లు దిండు కింద దాచేది, చీమలు పట్టేవి. రాత్రి లేచి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడేది. నన్ను చాలాకాలం అమ్మా అనలేదు. ఆయాను ఏమని పిలిచేదో నన్నూ అదే పిలిచేది. నాకూ మొదటి రోజు నుంచే ప్రేమ పొంగుకొచ్చిందని చెబితే అబద్ధం. అలసట వచ్చింది, భయం వచ్చింది. ప్రేమ ఎప్పుడొచ్చిందో గమనించలేదు. ఈ మాట ఎవరూ ముందు చెప్పరు, అందుకే చెబుతున్నాను. నెల తిరక్కుండా "నేను సరైన తల్లిని కానేమో" అని టెన్షన్ పడకండి.

బిడ్డ ఇంటికొచ్చాక ఉత్తర్వు వచ్చేదాకా సంరక్షణలో ఉన్నట్టు లెక్క. 2022 సెప్టెంబరు నుంచి ఆ ఉత్తర్వు కోర్టు బదులు కలెక్టరు ఇస్తున్నారు. తర్వాత రెండేళ్ళ పాటు ఆరు నెలలకోసారి వచ్చి చూస్తారు. జనన ధ్రువపత్రంలో మా పేర్లే అమ్మానాన్నలుగా వస్తాయి.

సెలవు గురించి కూడా ఆలోచించుకోండి. ప్రసూతి చట్టానికి 2017లో తెచ్చిన సవరణలో దత్తత తల్లికి 12 వారాలు ఇచ్చారు గానీ బిడ్డ మూడు నెలల లోపుదై ఉండాలని పెట్టారు. వదిలేసిన బిడ్డను దత్తతకు అర్హురాలిగా ప్రకటించే సరికే నెలలు గడిచిపోతాయి, ఇక ఆ సెలవు ఎవరికి దక్కేది? దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు, ఇప్పుడు నియమం ఎలా ఉందో కనుక్కోండి. నేను జీతం లేని సెలవు పెట్టాను.

నిర్వాహకులు

ఇక్కడ ఒకరు "ఆసుపత్రిలో తెలిసినవాళ్ళున్నారు, నెలలో బిడ్డ, కాగితాలన్నీ మీ పేరునే పుట్టినట్టు" అంటూ ఫోన్ నంబరు పెట్టారు. పోస్టు తీసేసి ఖాతా ఆపేశాం.

ఇలాంటివి నమ్మకండి. పద్ధతి తప్పి బిడ్డను ఇచ్చినా, పుచ్చుకున్నా బాలల న్యాయ చట్టం సెక్షన్ 80 కింద మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా పడవచ్చు. బిడ్డను అమ్మడం, కొనడం సెక్షన్ 81 కిందికి వస్తుంది, అయిదేళ్ళ దాకా. ఆసుపత్రి సిబ్బంది చేస్తే మూడు నుంచి ఏడేళ్ళు. పోలీసులు వచ్చినప్పుడు ముందుగా బిడ్డనే తీసుకెళ్తారు. ఎవరైనా ఇలా సంప్రదిస్తే పిల్లల సహాయవాణి 1098కి చెప్పండి.

విశ్రాంత_సూపర్‌వైజర్ (నల్గొండ జిల్లా)

అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా దేవరకొండ వైపు తండాల్లో చాలా ఏళ్ళు తిరిగాను. నిర్వాహకులు చెప్పినదాని వెనక ఉన్న సంగతి కొత్తవాళ్ళకు తెలియకపోవచ్చు.

1999లోనూ, మళ్ళీ 2001లోనూ ఉమ్మడి రాష్ట్రంలో లంబాడా తండాల నుంచి ఆడపిల్లలను కొని విదేశీ దత్తతలకు పంపుతున్న వ్యవహారం బయటపడి పెద్ద గొడవైంది. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పిల్లలే ఎక్కువ. మూడో ఆడపిల్ల, నాలుగో ఆడపిల్ల పుట్టిన ఇంటికి మధ్యవర్తి వచ్చేవాడు. తల్లి ఇంకా బాలింత మంచం మీదే ఉంటుంది. వేలిముద్ర వేయించుకునేవాళ్ళు. "ఇష్టపూర్వకంగా అప్పగించాను" అని ఆ కాగితంలో రాసి ఉంటుంది, ఆమెకు చదువు రాదు. చేతిలో పెట్టేది కొద్ది వేలు. కేసులు పెట్టి దత్తత సంస్థల మీద చర్యలు తీసుకున్నాక అక్కడి పిల్లల్ని హైదరాబాద్ శిశువిహార్‌కు తెచ్చారు. ఊరి నుంచి తల్లులు వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. ఏ పిల్ల ఎవరిదో తేల్చడానికి సరైన రికార్డు ఉండేది కాదు.

ఇప్పుడున్న నియమాల్లో చాలావరకు ఇలాంటి అనుభవాల వల్ల వచ్చినవే. కన్నవాళ్ళు బిడ్డను బాలల సంక్షేమ సమితి ముందు అప్పగించినా, మనసు మార్చుకోవడానికి 60 రోజులు గడువుంటుంది. "కారాలో ఇంత ఆలస్యం ఎందుకు" అని అందరూ విసుక్కుంటారు. ఆ ఆలస్యంలో కొంత ఆ తల్లి కోసం.

గోదావరి_గట్టుగారూ, మీ తోటికోడలు చదువుకున్న మనిషే కావచ్చు, మీ కుటుంబం మంచిదే కావచ్చు. కానీ అయిదో నెలలో అత్తగారు, భర్త కలిసి నిర్ణయించేస్తే ఆమె "వద్దు" అనడానికి ఎంత ధైర్యం కావాలి? పెద్దవాళ్ళు పక్కన లేనప్పుడు మీరే అడగండి. పుట్టాక రెండు నెలలు ఆగి మళ్ళీ అడగండి. చట్టం ముక్కూ మొహం తెలియని తల్లికి ఇచ్చే గడువు మీ ఇంటి తల్లికి కూడా ఇవ్వాలి.

ఇంకో దారి కూడా ఉంది, చాలామందికి తెలియదు. ఫాస్టర్ కేర్, అంటే దత్తత కాకుండా బిడ్డను మనింట్లో ఉంచుకుని పెంచడం. ఆరేళ్ళు దాటిన పిల్లలు హోముల్లో ఉండిపోతున్నారు, వాళ్ళను ఎవరూ అడగరు. 2024 మార్గదర్శకాల ప్రకారం పెళ్ళికాని ఒంటరి వాళ్ళూ తీసుకోవచ్చు, రెండేళ్ళు పెంచాక దత్తతకు అడగవచ్చు. అంతకుముందు అయిదేళ్ళుండేది.

ఉయ్యాల_పిల్ల (విశాఖ)

పేరు చూస్తే అర్థమైపోయి ఉంటుంది. శిశుగృహ ముందు ఉయ్యాలలో దొరికాను. ఇప్పుడు ఉద్యోగం, పెళ్ళి అన్నీ అయ్యాయి.

మా ఇంట్లో ఇది రహస్యం ఎప్పుడూ కాదు. "నీకు ఎప్పుడు తెలిసింది" అని అందరూ అడుగుతారు, నాకు జవాబు ఉండదు. నేను ఇంటికొచ్చిన రోజున ఏటా పరమాన్నం వండుతారు. శిశుగృహలో ఆయమ్మలు నన్ను ఎత్తుకున్న ఫోటోలు ఆల్బంలో మొదటి పేజీలోనే ఉన్నాయి. బళ్ళో ఒకమ్మాయి "మీ అమ్మ నీ సొంతమ్మ కాదట" అంటే, "అవును, మీ అమ్మ నీకు చెప్పిందా, మా అమ్మ నాకెప్పుడో చెప్పింది" అన్నానట. ఇది అమ్మ చెప్పే కథ, నాకు గుర్తులేదు.

రక్తం గురించి మాట్లాడేవాళ్ళకు ఒక్కటి చెప్పాలి. ఆ ప్రశ్న నాకు వచ్చే చోటు వేరు. డాక్టరు దగ్గర. "మీ అమ్మగారికి షుగర్ ఉందా? ఇంట్లో ఎవరికైనా కేన్సర్?" అని ఫారం నింపేటప్పుడు. మొదట్లో అమ్మ వివరాలే రాసేసేదాన్ని అలవాటు మీద. నేను కడుపుతో ఉన్నప్పుడు "తెలియదు" అని రాయడం మొదలుపెట్టాను. అప్పుడు కొంచెం కష్టమైంది.

కన్నవాళ్ళను వెతకాలని ఇప్పటికైతే లేదు. వెతుక్కునే హక్కు మాకుంది, దానికి పద్ధతీ ఉంది. మా తరఫున ఇంకెవరో వెళ్ళి అడగడానికి లేదు. వెతికేవాళ్ళను పెంచినవాళ్ళ మీద ప్రేమ లేనివాళ్ళుగా చూడకండి. నా స్నేహితురాలు వెతుకుతోంది, వాళ్ళమ్మే తోడుగా వెళ్తోంది.

పెళ్ళిచూపులప్పుడు ముందే చెప్పాం. రెండు సంబంధాలు అక్కడే ఆగిపోయాయి. మూడో అబ్బాయి వాళ్ళమ్మ "అయితే ఏమిటి, కట్నం గురించి మాట్లాడండి" అంది. అమ్మ వాళ్ళకీ నో చెప్పింది. :)

సత్తెకాలపు_మనిషి

చివరి వాక్యానికి నవ్వాను. మీ అమ్మగారు గట్టి మనిషి. అయినా ఇంటి బిడ్డ ఇంటి బిడ్డే అంటాను.

కర్నూలు_చాయ్

మా ముస్లింలలో కథ ఇంకోరకం. పెంచుకోవచ్చు, అది పుణ్యం కూడా. కానీ కన్నతండ్రి పేరు తీసేసి నీ పేరు పెట్టుకోకూడదంటారు. ముస్లిం పర్సనల్ లా లో దత్తత అనేది లేదు. చాలాకాలం మాకూ, క్రైస్తవులకూ 1890 గార్డియన్ చట్టం ఒక్కటే దిక్కు. దాని కింద సంరక్షకులవుతాం గానీ బిడ్డకు 18 నిండేదాకానే. 2014లో సుప్రీంకోర్టు, ఏ మతం వాళ్ళయినా అప్పటి బాలల న్యాయ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని స్పష్టం చేసింది. బలవంతం లేదు, కావాలనుకున్నవాళ్ళకు దారి. మేము అలాగే తీసుకున్నాం.

మా అత్తగారి బాధ వేరు. పిల్లాడు పెద్దయ్యాక నేను వాడి ముందు పరదా పాటించాలా అని. మా చెల్లెలికి అప్పుడే కాన్పయింది. మావాడికి కూడా పాలిచ్చింది. పాలిస్తే మాలో నిజమైన బంధుత్వమే, పెళ్ళి వరసలు కూడా దాన్ని బట్టే. నేను వాడికి పాల వరసలో పెద్దమ్మనయ్యాను, పరదా గొడవ పోయింది. మౌల్వీగారిని అడిగి చేశాం. ఆస్తి మా పద్ధతిలో దత్తబిడ్డకు వారసత్వంగా రాదు కాబట్టి ఇల్లు హిబా (బతికుండగానే ఇచ్చే దానం) రాసేశాం. వీలునామా అయితే మూడో వంతు వరకే.

రెండో_నాన్న (నిజామాబాద్)

నేను పెళ్ళి చేసుకునేసరికి మా ఆవిడకు నాలుగేళ్ళ బాబు. మొదటి భర్త ప్రమాదంలో పోయారు. వాడు నన్ను నాన్నా అని ఎప్పుడో పిలుస్తున్నాడు, ఇంక కాగితం ఎందుకని నేనూ అనుకున్నాను. కానీ హిందూ వారసత్వ చట్టంలో సవతి కొడుకు "కొడుకు" కిందికి రాడు. నేను వీలునామా లేకుండా పోతే వాడికి నా దాంట్లో హక్కుండదు, రేపు పుట్టే బిడ్డకు ఉంటుంది. ఒకే కంచంలో తినే ఇద్దరికి అలా ఉండటం నాకు నచ్చలేదు. సవతి తండ్రి దత్తతకూ కారా పోర్టల్‌లోనే నమోదు, కలెక్టరు ఉత్తర్వు. వరుసలో ఎదురుచూడటం ఉండదు.

ఇంటిపేరు మీద వాళ్ళ తాతగారు అభ్యంతరం చెప్పారు. ఇలాంటి గొడవే ఒక తెలుగు కుటుంబంలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. భర్త పోయి మళ్ళీ పెళ్ళి చేసుకున్న తల్లికి బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఉందని 2022 జులైలో తీర్పిచ్చారు. కాగితాల్లో కొత్త భర్తను సవతి తండ్రి అని రాయమన్న హైకోర్టు ఆదేశాన్ని కొట్టేశారు. అది చదివించాక తాతగారు ఊరుకున్నారు. పండక్కి వాణ్ణి ఆయన దగ్గరికే పంపుతాం, అది వేరే సంగతి.

పెన్నా_ఒడ్డు

మా తాత ఇల్లరికం అల్లుడు. కూతురొక్కతే ఉన్న ఇంట్లోకి వచ్చి, సేద్యం చేసి, కొడుకులాగే వాటా పుచ్చుకున్నాడు. మా వైపు రెడ్లలో, కమ్మవాళ్ళలో ఇది మద్రాసు రాష్ట్రం రోజుల నుంచీ కోర్టులు ఒప్పుకున్న ఆచారమే. తమాషా ఏమిటంటే దత్తుడికి పుట్టింటి వాటా పోతుంది, ఇల్లరికం అల్లుడికి పోదు. మా తాత రెండు చోట్లా తిన్నాడని మా నాయనమ్మ చచ్చేదాకా దెప్పింది.

డాలస్_నుంచి

ఒక హెచ్చరిక, ఇక్కడ చదివే ఎన్నారైల కోసం. అన్న బిడ్డనో అక్క బిడ్డనో దత్తపత్రం రాయించుకుని అమెరికా తెచ్చుకుందామనుకుంటే ఆ ఒక్క పత్రంతో వీసా రాదు. రెండు దేశాలూ, దేశాల మధ్య దత్తతల కోసం చేసుకున్న హేగ్ ఒప్పందంలో ఉన్నాయి. ఇండియా 2003 నుంచి, అమెరికా 2008 నుంచి. ఇక్కడి ఆమోదం, అక్కడ కారా అనుమతి రెండూ వరుస ప్రకారం జరగాలి. ముందు దత్తత చేసేసుకుని తర్వాత అడిగితే చిక్కుల్లో పడతారు. మాకు తెలిసిన ఒకరి బిడ్డ ఇంకా అమ్మమ్మ దగ్గరే ఉంది, వీళ్ళు ఇక్కడ వీడియో కాల్‌లో పెంచుతున్నారు. విమానం టికెట్లు కొనేముందు దీని మీదే పనిచేసే లాయరును కలవండి.

గోదావరి_గట్టు

అందరికీ పేరుపేరునా జవాబు రాయలేను. అన్నీ చదివాను, మావారికీ చదివి వినిపించాను. ఓరుగల్లు తమ్ముడి పోస్టు దగ్గర ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు.

నిన్న తోటికోడలిని చెకప్‌కి నేనే తీసుకెళ్ళాను. తిరిగొస్తూ అడిగాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అక్కా, మగపిల్లాడైతే మీకు, ఆడపిల్లయితే నేనే ఉంచుకోవాలని ఆయన, అత్తయ్య అనుకున్నారు. నాతో ఎవరూ అనలేదు, వంటింట్లోకి వినబడింది" అంది. నీకేం కావాలి అన్నాను. "ఎవరైనా సరే నాకే కావాలి" అంది. ఇద్దరం అక్కడే ఒక చెట్టు కింద బండి ఆపి చెరకురసం తాగాం.

ఇంటికొచ్చి అత్తయ్యగారికి నేనే చెప్పాను, మాకు వద్దని. ఆమె వద్దందని చెప్పలేదు. ఇప్పుడు అత్తయ్యగారు నాతో మాట్లాడటం లేదు. మావారు ఆఫీసు నుంచి పాన్ కార్డులూ పెళ్ళి సర్టిఫికెట్టూ స్కాన్ చేసి పంపారు, ఆ విషయం మీద ఏమీ అనలేదు.

రెండు సందేహాలు. రాష్ట్రం మన తెలుగు రాష్ట్రాలే పెట్టుకోమంటారా? సోషల్ వర్కరు వచ్చినప్పుడు అత్తయ్యగారు ఇలాగే మూతి ముడుచుకుని కూర్చుంటే నివేదికలో రాసేస్తారా?

మల్లెపందిరి

రాష్ట్రం మీద పట్టు పట్టకండి, ఎంత తెరిచిపెడితే అంత మంచిది. భాష పిల్లలు చూస్తుండగానే నేర్చుకుంటారు, మాకే ఆలస్యమైంది.

అత్తగారి సంగతి దాచకండి. "ఇష్టం లేదు, నెమ్మదిగా వస్తారని మా నమ్మకం" అని మీరే చెప్పండి. మా మామగారు సోషల్ వర్కరు ఎదురుగానే పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆవిడ అదీ రాసుకుంది, "పగటిపూట బిడ్డను ఎవరు చూస్తారు" అని మా ఇద్దరినీ నాలుగు రకాలుగా అడిగింది, వెళ్ళిపోయింది. ఆ ప్రశ్నకు జవాబు మీరిద్దరూ ఒకేలా చెప్పేట్టు చూసుకోండి. మెడికల్ సర్టిఫికెట్లు, ఆదాయం కాగితం, తెలిసినవాళ్ళ నుంచి రెండు సిఫారసు ఉత్తరాలు ఇప్పుడే తీసిపెట్టుకోండి. ఒక ఉత్తరం మీ తోటికోడలిని రాయమంటే?

గోదావరి_గట్టు

అడుగుతాను. ఈసారి ముందు ఆమెనే.